తలుపు వైపు ఎందుకు నడిచింది

“ఆవిడ మన ఇంటికి రావడానికి వీల్లేదు,” అంది వేదవతి మూడోసారి.

వేణుగోపాలరావు ఫోను బల్లమీద పెట్టాడు. మళ్ళీ తీసి, ఆ మెసేజ్ ఇంకోసారి చదివాడు. అందులో కొత్తగా చదవాల్సిందేమీ లేదు. ‘శుక్రవారం దోహాలో దిగుతున్నాను. హైదరాబాదు ఫ్లైటుకు ఎనిమిది గంటల టైముంది. ఒక్కసారి మీ ఇంటికి రావచ్చా? జైబా.’

“వద్దనడానికి కారణం చెప్పు. నేనే ఫోన్ చేసి ఏదో ఒకటి చెబుతాను. ఊళ్ళో లేమంటాను.”

“పిల్ల ఇప్పుడిప్పుడే నిద్రపోతోంది. ఆ కారణం చాలదా?”

“భావన సరిగ్గా నిద్రపోవడం మొదలుపెట్టి ఐదు నెలలైంది వేదా.”

వేదవతి బెండకాయలు తరుగుతూ ఉండిపోయింది. శుక్రవారం సెలవు కాబట్టి దోహాలోని అబూ హమూర్‌లో ఆ వీధి ఇంకా లేవలేదు. పెద్ద విల్లాను నాలుగు వాటాలు చేసి అద్దెకిచ్చిన ఇల్లు అది. పై వాటా వీళ్ళది. పక్క వాటా ఏసీ గోడ అవతల గురగురమంటోంది.

“జైబా ఏమైనా పరాయిదా?” అన్నాడు వేణుగోపాలరావు. “అమెరికాలో ఆరేళ్ళు పక్కపక్క ఇళ్ళలో ఉన్నాం. నీకు ఆపరేషన్ అయితే పది రోజులు మనకు వండి పంపించింది. వాళ్ళ మెహ్విష్, మన భావన ఒకే బెంచీలో కూర్చునేవాళ్ళు. వాళ్ళ పిల్ల పోయింది. మన పిల్ల మిగిలింది. కూతురి స్నేహితురాల్ని చూస్తానని ఒక తల్లి అడిగితే తలుపేసుకుంటామా?”

కత్తి ఆగింది.

“అదే నేనూ అంటున్నాను. మన పిల్ల మిగిలింది. దాన్ని అలా ఉండనివ్వండి.”

పది నెలలైంది. అమెరికాలో వాళ్ళున్న ఊరి హైస్కూల్లోకి ఒక పొద్దున పక్క తలుపు గుండా తుపాకీతో ఒకడు జొరబడి తొమ్మిది మందిని చంపాడు. భావన క్లాసువాళ్ళు గదికి గడియ వేసుకుని, లైట్లు ఆర్పి, నలభై నిమిషాలు నేలమీద పడుకున్నారు. ఆ సమయంలో మెహ్విష్ గదిలో లేదు. క్లాసు మధ్యలో ఆ పిల్ల బయటికి ఎందుకు వెళ్ళిందో ఎవరికీ తెలియలేదు.

మూడు నెలలు తిరక్కుండా వేణుగోపాలరావు దోహాలో, వెస్ట్ బేలోని ఆఫీసుకు మారాడు. మారదామని పట్టుబట్టింది వేదవతి. అది భయమనే అనుకున్నాడు. అతనికీ భయంగానే ఉండేది. కానీ ఇవాళ భార్య ముఖంలో ఉన్నది భయం కాదు. అతను ఇరవై రెండేళ్ళుగా భవనాల పటిష్ఠత పరీక్షిస్తున్న మనిషి. గోడలో పగులు కనిపిస్తే కారణం తెలుసుకునేదాకా అక్కణ్ణించి కదలడు.

“వేదా, నువ్వు నా దగ్గర ఏదో దాస్తున్నావు.”

“మీ ఊహ.”

“ఊహ అయితే నా వైపు చూసి చెప్పు.”

ఆమె చూసేలోపు భావన గదిలోంచి వచ్చింది. పదిహేనేళ్ళ పిల్ల. తల దువ్వుకుని, బయటికెళ్ళే బట్టలు వేసుకుని ఉంది.

“జైబా ఆంటీ ఎయిర్‌పోర్టు నుంచి బయల్దేరారు,” అంది. “మల్లన్న అంకుల్ తీసుకొస్తున్నారు. ఇరవై నిమిషాల్లో వచ్చేస్తారు.”

మల్లన్న రోజూ భావననూ, ఇంకో ముగ్గురు పిల్లల్నీ కారులో స్కూలుకు దింపే మనిషి.

“మల్లన్నను ఎవరు పంపించారు?” అంది వేదవతి.

“నేనే. ఆంటీని రమ్మని రాసింది కూడా నేనే. నాన్నకు మెసేజ్ పెట్టి అడగమన్నదీ నేనే. మీకు చెప్పకుండా వస్తే బాగుండదు కదా.”

“ఎందుకు రమ్మన్నావమ్మా?” అన్నాడు వేణుగోపాలరావు.

భావన తల్లి వైపు చూసింది.

“అమ్మకు తెలుసు,” అంది.

*

వేదవతి కత్తి పక్కన పెట్టింది. మొదట మాట్లాడింది భావనే.

“రెండు వారాల కిందట బ్రేక్‌లో మా క్లాసమ్మాయి ఫోన్‌లో ఒక వీడియో చూపించింది నాన్నా. ‘తలుపు తీసిన పిల్ల’ అని పేరు పెట్టారు. ఏడు సెకన్లు. కారిడార్‌లో మెహ్విష్ నడుస్తూ ఉంటుంది. వెనక నుంచి కనిపిస్తుంది. తలకు స్కార్ఫ్. ఆ పక్క తలుపు వైపు వెళుతుంది. అంతే, అక్కడితో ఆపేశారు. లోపలి నుంచి తలుపు తీసి ఆ తుపాకీవాణ్ణి రానిచ్చింది తనేనట. కింద వేలమంది రాశారు.”

“మీ క్లాసమ్మాయికి తెలుసా, నువ్వు ఆ స్కూలని?”

“తెలీదు. హైదరాబాద్ నుంచి వచ్చామని చెప్పమంది కదా అమ్మ. ఆ అమ్మాయి నన్నడిగింది, ‘ఈ పిల్ల ఎందుకు ఇలా చేసుంటుంది?’ అని. ఏదో పజిల్ అడిగినట్టు అడిగింది.”

“నువ్వేమన్నావు?”

“తెలీదన్నాను,” అంది భావన. “నాకు తెలుసు నాన్నా. అయినా తెలీదన్నాను.”

వేణుగోపాలరావు భార్య వైపు తిరిగాడు. అప్పుడే కాలింగ్ బెల్ మోగింది.

గుమ్మంలో మల్లన్న, అతని వెనక జైబా నిలబడి ఉన్నారు. జైబా నిజామాబాదులో పుట్టి పెరిగి, పెళ్ళయ్యాక అమెరికా వెళ్ళిన మనిషి. పది నెలల్లో సగమైపోయింది. భుజానికి ఒక నల్ల బ్యాగు తప్ప చేతిలో సామానేమీ లేదు.

“అమ్మను తోలుకొచ్చిన మేడమ్,” అన్నాడు మల్లన్న చెప్పులు విడవకుండా. “మళ్ల నాలుగున్నరకు వచ్చి తీస్కపోత. లేటైతే ఎయిర్‌పోర్ట్ కాడ లైన్ ఎక్కువుంటది.” తర్వాత జైబా వైపు చూసి తల గీరుకున్నాడు. “తప్పైందమ్మా. నాకు ఎరుకలేక దారెంట అన్ని అడిగిన.”

“లే అన్నా,” అంది జైబా. వేదవతికీ చెబుతున్నట్టుగా అంది. “దారిపొడుగూత అడుగుతనే ఉన్నడు. బడిలకు తుపాకి ఎట్ల తెస్తరు, గేటుకాడ ఎవ్వలుండరా, వాని తల్లి ఇప్పుడేం చేస్తున్నది, అని. పది నెలల సంది నన్ను ఎవ్వలు ఒక్క ప్రశ్న అడగలే. సారీ అంటరు, పక్కకు తప్పుకుంటరు. ఈనె అడిగిండు. నాకు పానం తేలికైంది.”

“నా బిడ్డ గుడ తొమ్మిదో తరగతి, జగిత్యాలల,” అన్నాడు మల్లన్న. “బడి ఇడిచినంక ఫోన్ జేసి అడగాలె, మీ బడికి గేటున్నదా అని. గిన్నేండ్లల ఎన్నడు అడగలే.”

అతను మెట్లు దిగి వెళ్ళిపోయాడు. జైబా లోపలికి వచ్చింది. వేదవతి ముందుకు రాలేదు. జైబాయే వెళ్ళి ఆమెను కౌగిలించుకుంది. వేదవతి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు గాల్లోనే ఉండిపోయాయి.

*

టీ తాగుతున్నంతసేపూ ప్రశ్నలన్నీ భావనే అడిగింది.

“జిలేబీ ఎలా ఉంది ఆంటీ?”

జిలేబీ మెహ్విష్ పెంచుకున్న పిల్లి.

“మీ పాత ఇంట్లకొచ్చినోళ్ళకు ఇచ్చినం. వాళ్ళ పాప దాన్ని ఇడ్వదు. బలిసింది.”

“మెహ్విష్ దగ్గర నా బుక్ ఒకటి ఉండిపోయింది. నీలం అట్ట. చదివిందా? ముగింపు బావుండదని సగంలో ఆపేస్తానంది.”

“మంచం కింద దొరికింది. చివరిదాక చదివింది. ఆఖరి పేజీల పెన్సిల్‌తోని మూతి వంకర పెట్టిన బొమ్మ గీసింది.”

“నాకు చెప్పలేదు!” అంది భావన. కోపంగా అనబోయి నవ్వింది. అలా నవ్వుతూనే ముఖం అరచేతుల్లో దాచుకుంది. జైబా ఆ పిల్ల మెడ వెనక చెయ్యి వేసి, అది మళ్ళీ తలెత్తేవరకూ అలాగే ఉంచింది.

“ఇప్పుడు నేనొకటి అడగాలె,” అంది తర్వాత.

నల్ల బ్యాగు తెరిచి, మడత పెట్టిన ప్లాస్టిక్ కవరు తీసింది. దాని మీద ఒక నంబరు, తేదీ ఉన్నాయి. లోపల బూడిదరంగు స్వెటర్. మరక ఉన్న వైపు లోపలికి పోయేలా జాగ్రత్తగా మడిచి ఉంది.

“పోలీసోళ్ళు పోయిన నెల సామాను వాపసిచ్చిన్రు. బూట్లు, ఫోను, గడియారం. అండ్లనే ఇది గుడ ఉన్నది. ఆ టైముల ఆమె చేతిల ఉండెనట. ఇది నా బిడ్డది కాదు. ఇంత చిన్న సైజు ఆమెకు పట్టదు. క్లాసు పిల్లల అమ్మలు పదకొండు మందిని అడిగిన. ఎవ్వలది కాదు. ఫోన్ల అడిగితే మీరు గుడ కాదంటరేమో అని అడగలే.” ఆమె కవరును బల్ల మధ్యకు జరిపింది. “ఇది ఎవరిది? నా బిడ్డ చేతికి ఎట్లొచ్చింది? అది తెలిస్తే చాలు నాకు.”

వేదవతికి రెండోసారి చూడాల్సిన అవసరం లేకపోయింది. మోచేతి దగ్గర రంగు కలవని దారంతో రఫ్ఫు చేసింది ఆమే.

వేణుగోపాలరావు కూడా గుర్తుపట్టాడు. “ఇది మన...” అని, భార్య ముఖం చూసి ఆగిపోయాడు.

“నాదే ఆంటీ,” అంది భావన.

“భావనా, నువ్వు లోపలికెళ్ళు,” అంది వేదవతి.

“వెళ్ళనమ్మా.” ఆ పిల్ల జైబా వైపు తిరిగింది. “ఆ రోజు మా సార్ రాలేదు, వేరే ఆయన వచ్చారు. సెకండ్ పీరియడ్‌లో నాకు నెలసరి వచ్చింది. డేటు ఇంకా చాలా ఉందనుకున్నాను. తెల్ల ప్యాంటు వేసుకున్నాను. బెల్ కొడితే లేవలేను. మెహ్విష్‌కు చీటీ రాశాను. నా లాకర్‌లో స్వెటర్ ఉంది, తెచ్చిపెట్టు, నడుముకు కట్టుకుంటాను అని. ఆ సార్ బోర్డు మీద రాస్తున్నారు. అడిగితే కారణం చెప్పాలి కదా, అందుకని అడక్కుండానే వెళ్ళింది.”

భావన బల్ల మీద వేలితో లాకర్ల వరస గీసి చూపించింది.

“నా లాకర్ ఆ వరసలో చివరిది ఆంటీ. దాని పక్కనే ఆ తలుపు. మెహ్విష్ తలుపు దగ్గరికి వెళ్ళలేదు. నా లాకర్ దగ్గరికి వెళ్ళింది.”

జైబా కవరు మీద అరచెయ్యి ఉంచింది. వేళ్ళు ప్లాస్టిక్ మీద నుంచే స్వెటర్ అంచును తడుముతూ ఉన్నాయి.

“ఈ మాట పోలీసులకు ఎందుకు చెప్పలేదమ్మా?” అన్నాడు వేణుగోపాలరావు. “ఇద్దరు ఆఫీసర్లు మనింటికొచ్చి గంటసేపు కూర్చున్నారు కదా.”

“నేనే వద్దన్నాను,” అంది వేదవతి.

ఆమె ఎవరినీ చూడడం లేదు. “ఆ సాయంత్రం బాత్రూంలో దాని బట్టలు మారుస్తుంటే చెప్పింది. నా వల్లే చచ్చిపోయిందమ్మా అంది. దాని నోరు మూశాను. నిజంగానే చేత్తో మూశాను. ఈ మాట ఇంకెప్పుడూ ఎవరితోనూ అనకు, నాన్నతో కూడా అనకు అన్నాను. మనం ఆ దేశంలో వీసా మీద ఉన్నాం. పేపర్లలో దాని పేరు వేస్తారు, ఏ కారణానికి పంపిందో అదీ వేస్తారు. పద్నాలుగేళ్ళ పిల్ల ఎలా తిరుగుతుంది? అప్పటికి ఈ తలుపు సంగతి ఎవరూ అనలేదు జైబా.”

“అన్నంక?” అంది జైబా.

“అన్నాక కూడా చెప్పలేదు.”

“మూడో దినం మా ఇంట్ల నా పక్కపొంటి కూసున్నవు. నా చెయ్యి పట్టుకున్నవు. క్లాసు ఇడిచిపెట్టి ఎందుకు పోయిందో ఏమో వేదా, అని నిన్నే అడిగిన. యాదికున్నదా?”

“ఉంది.”

“అప్పటికి నీకు ఎరుకేనా?”

“తెలుసు.”

వీధి చివరి మసీదులో జుమా అజాన్ మొదలైంది. జైబా లేచింది. వెళ్ళిపోతుందనుకుని వేణుగోపాలరావు కూడా లేచాడు. ఆమె కొంగు సర్దుకుని, “ఉతికిన దుప్పటి ఏదన్న ఉంటే ఇయ్యుండ్రి,” అంది. “నమాజు చదువుకుంట.”

భావన తన గదిలో కిటికీ పక్క దుప్పటి పరిచి, ఫోన్‌లో దిక్కు చూసి చెప్పింది. తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చి, ఆ గది ముందే నేలమీద కూర్చుంది.

*

“నాతో కూడానా?” అన్నాడు వేణుగోపాలరావు వంటగదిలో, గొంతు బాగా తగ్గించి.

“మీకు చెబితే మీరు చెప్పేసేవాళ్ళు.”

“అవును. చెప్పేసేవాణ్ణి.”

“అందుకే చెప్పలేదు.”

“ఉద్యోగం మార్చుకుని, సామాను అమ్మేసి, ఇంత దూరం వచ్చాం. తుపాకులకు భయపడి వచ్చామనుకుంటున్నాను నేను. మనం జైబా ముఖం చూడలేక వచ్చామన్నమాట.”

“మీరు కాదు, నేను,” అంది వేదవతి. “ప్రతిరోజూ కిటికీలోంచి ఆవిడ కారు కనిపించేది. వంట దగ్గర నిలబడితే కనిపించేది. ఎంతకాలం చూడగలను?”

“భావన సంగతి ఆలోచించావా? పది నెలలు అది ఒక్కతే మోసింది.”

“ఒక్కతే ఎందుకు మోసింది? నేను లేనా?”

“నువ్వు మొయ్యలేదు వేదా. దాని నోరు మూశావు.”

వేదవతి తరిగిన బెండకాయల గిన్నెను ఒక చోట నుంచి తీసి ఇంకో చోట పెట్టింది. వేణుగోపాలరావుకు భార్య మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. తను ఆ స్థానంలో ఉంటే ఏం చేసేవాడో గట్టిగా చెప్పలేనని కూడా అదే క్షణంలో తెలిసింది. అది అతనికి ఇంకా కష్టంగా ఉంది.

గది తలుపు తెరుచుకుంది. జైబా కడుక్కున్న ముఖంతో వచ్చి, సోఫాలో కాకుండా భావన పక్కన నేలమీదే కూర్చుంది.

“చీటీ చూసి ఏం చేసింది?” అని అడిగింది.

“నవ్వింది.”

“ఎట్ల నవ్వింది? పెద్దగనా, మెల్లగనా?”

“పెద్దగా కాదు. కనుబొమలెగరేసి, రాణిగారి ఆజ్ఞ అన్నట్టు తల వంచి దండం పెట్టింది. చీటీ నలిపి నా చేతిలోనే పెట్టింది. క్లాసు తలుపు దగ్గరికెళ్ళి నన్ను చూసి రెండు వేళ్ళు చూపించింది. రెండు నిమిషాల్లో వస్తానని.”

“నాతోని గుడ గట్లనే చేసేది, ఉప్పు తెమ్మంటే,” అంది జైబా. “రెండు వేళ్ళు చూపెట్టి అర్ధగంటకు వచ్చేది.” ఆమె ఆ దృశ్యాన్ని ఇంకా దగ్గర నుంచి చూడాలన్నట్టు ముందుకు వంగింది. “భయంతోని పోలేదు కద? సంబురంగనే పోయిందా?”

“సంతోషంగానే వెళ్ళింది ఆంటీ.”

జైబా కళ్ళు మూసుకుంది.

“నేను కమిటీకి రాస్తాను,” అంది భావన. “స్కూలు సంగతి విచారించే కమిటీ ఉంది కదా. సోమవారం దాకా ఎవరైనా రాసి పంపొచ్చట. నేను చూశాను. నా పేరుతోనే రాస్తాను. మైనర్‌ని కాబట్టి అమ్మా నాన్నా సంతకాలు పెట్టాలి.”

“వద్దు,” అంది వేదవతి వంటగది గుమ్మంలోంచి. వెంటనే, ఆ ‘వద్దు’ తనకే వినిపించి, గోడకు ఆనుకుంది.

“నీ అమ్మ భయం ఉత్తగది కాదు బిడ్డా,” అంది జైబా. “నీ పేరు బయటికొస్తే ఆ వీడియో పెట్టినోళ్ళు నీ ఎంబడి పడ్తరు. మా ఇంటికి ఏమేం రాసిన్రో, గోడల మీద ఏమేం గీసిన్రో నీకు చెప్ప. ఇల్లు అమ్ముకొని పోతున్నమంటే ఉత్తగ పోతలేము. గీ సంతకం కోసం నేను రాలే. అది మీరు ముగ్గురు కూసొని అనుకోండ్రి.”

“నేను పెడతాను సంతకం,” అన్నాడు వేణుగోపాలరావు.

“ఇద్దరివీ కావాలి నాన్నా,” అంది భావన.

ఎవరూ వేదవతి వైపు చూడలేదు. చూడకపోవడమే ఆమెకు ఎక్కువ తగిలింది.

జైబా లేచి ఆమె దగ్గరికి వెళ్ళింది. ఇద్దరి మధ్యా జానెడు దూరం ఉంది. జైబా కౌగిలించుకోలేదు, తిట్టలేదు. ఆమె గొంతు మామూలుగానే ఉంది.

“నాకు ఒక్కటి చెయ్యి వేదా. మా ఆయన నెల కిందనే హైదరాబాదు పోయిండు. అమెరికాల ఉండలేనన్నడు. నీకు ఒక మాట చెప్త, ఇది నేను మా అమ్మకు గుడ చెప్పలే. ఆ వీడియో ఆయన గుడ చూసిండు. ఒక్కపారి కాదు, మస్తుసార్లు. ఒకనాడు నన్ను అడిగిండు, తలుపు దిక్కు ఎందుకు నడిచింది జైబా, అని. ఎందుకు అడిగిండో నాకు సమజైంది. కన్నతండ్రి. ఆయన గుడ అనుమానపడ్డడు. అనుమానపడ్డందుకు తనను తనే తింటున్నడు.”

వేణుగోపాలరావు కుర్చీలో కూలబడ్డాడు. జైబా భర్త ఫరీదుద్దీన్ అతనికి ఆరేళ్ళుగా స్నేహితుడు. ఆదివారం ఆదివారం ఇద్దరూ కలిసి కూరలు కొనుక్కొచ్చేవాళ్ళు.

“నేను చెప్తే నమ్మడు,” అంది జైబా. “బిడ్డ మీద పేమతోని కథ అల్లింది అనుకుంటడు. భావన చెప్తే, పాపం పిల్ల నన్ను ఓదారుస్తున్నది అనుకుంటడు. నువ్వు చెప్పాలె. నీకు ఎప్పటి సంది ఎరుకో అది గుడ చెప్పాలె. అప్పుడు నమ్ముతడు.”

“నన్ను అసహ్యించుకుంటాడు,” అంది వేదవతి.

“అసహ్యించుకోవచ్చు. నేను గుడ ఏం చేస్తనో నాకింక తెల్వదు. ఇప్పుడు అది అడగకు.”

జైబా తన ఫోను తీసి నంబరు నొక్కింది. స్పీకర్ పెట్టలేదు. మోగుతున్న ఫోనును వేదవతికి అందించింది. భావన నేలమీద నుంచి లేచి తల్లి పక్కకు వచ్చింది, కానీ తాకలేదు.

నాలుగుసార్లు మోగింది.

“హా జైబా, బోలో,” అంది అవతల ఒక అలసిన గొంతు. “దోహాకు చేరినవా?”

వేదవతి ఫోనును రెండు చేతులతో పట్టుకుంది.

“అన్నయ్యా, జైబా కాదు. నేను వేదవతిని. మీకొక విషయం చెప్పాలి. పది నెలల కిందటే చెప్పాల్సింది.”

ఫోను కట్ అయిందేమోనని ఆమె తెరవైపు చూసింది. కట్ కాలేదు. సెకన్లు కదులుతున్నాయి. ఎవరో లేచి, చుట్టూ మాట్లాడుకుంటున్న వాళ్ళ మధ్య నుంచి దూరంగా నడిచివెళ్ళి, ఒక తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది.

“చెప్పమ్మా,” అన్నాడు ఫరీదుద్దీన్. “వింటున్న.”